ముందు విరామం, తర్వాతే విత్తనం

ఏటూరునాగారం అభయారణ్యం 1953లో ఏర్పడింది. విస్తీర్ణం 806 చదరపు కిలోమీటర్లు. ఆ అడవి అంచున పశువులు రోజూ తిరిగే జాగాలను వానాకాలంలో చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. దగ్గరికెళ్లి ఆ పచ్చదనం దేనిదో చూడాలి. తంగేడు, వెంపలి, తంటెం, వయ్యారిభామ ఎక్కువగా కనిపిస్తే అక్కడ మేత అయిపోయినట్టే. తినదగ్గదంతా పశువు తినేసింది, మూతి పెట్టనివి మిగిలి విస్తరించాయి.

గడ్డి ఎందుకు పోతుంది? ఆకులు తయారుచేసిన ఆహారంలో కొంత దుబ్బు మొదట్లోనూ వేళ్లలోనూ నిల్వ ఉంటుంది. తొలకరికి లేచే చిగురు ఆ నిల్వతోనే బతుకుతుంది. అది నాలుగాకులు వేసి మళ్లీ నిల్వ చేసుకునేలోపే కొరికేస్తే వేరు బక్కచిక్కుతుంది. క్రైడర్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని కొలిచి 1955లో ప్రచురించాడు. ఆకులో సగం దాకా తీసినా వేరు ఎదుగుదల పెద్దగా దెబ్బతినలేదు. 80 శాతం తీసేస్తే మాత్రం దాదాపు 12 రోజులు వేరు ఎదగనే లేదు. రోజూ మంద తిరిగే చోట ఆ 12 రోజులు గడ్డికి ఎప్పటికీ దొరకవు.

ఏ పశువు మేస్తోందన్నదీ ముఖ్యమే. ఆవుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు, నాలుకతో చుట్టి లాగుతుంది కాబట్టి కాస్త మొదలు మిగులుతుంది. గొర్రె నేలకంటా కొరుకుతుంది. గుర్రానికి పైనా కిందా ముందుపళ్లున్నాయి. అందుకే గుర్రాలను కట్టడి చేసి మేపే బయళ్లలో ఒకవైపు నేల గీకినట్టుంటుంది. లద్దె వేసే వైపు మాత్రం అవి ముట్టవు కాబట్టి గడ్డి ఏపుగా పెరుగుతుంది.

గడ్డి పోయిన నేల గిట్టల కింద గట్టిపడి నీటిని లోపలికి పోనివ్వదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానను ఏ నేలా పూర్తిగా ఇంకించుకోలేదు. కానీ బోడి నేల మామూలు జల్లుకే మట్టిని పోగొట్టుకుంటుంది.

ఇలాంటి నేలకు మొదటి వైద్యం విరామమే. ఎండాకాలంలో మందను ఆపి, మృగశిర కార్తెలో వదిలితే ఫలితం ఉండదు. తొలకరి నుంచి గింజ రాలేదాకా మూసి ఉంచాలి. గడ్డి కోసం కంచలు ఉంచుకోవడం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. గింజ రాలాక గడ్డి కోసి ఇంటి దగ్గర పశువులకు వేయవచ్చు. ఆ తర్వాత ఇప్పపూలు ఏరడానికని వేసవిలో నిప్పు పెడితే మాత్రం నేలమీద రాలిన గింజ కాలిపోతుంది, పడ్డ శ్రమంతా వృథా.

ఒక వానాకాలం అలా వదిలి చూడండి. అడుగడుగునా దుబ్బులు లేస్తే విత్తనం కొనే పనే లేదు. ఖాళీలు అలాగే మిగిలితే అప్పుడు చల్లాలి. చాలామంది విత్తనంతో మొదలుపెట్టి, మొలకను మందకు మేపి, నేల మంచిది కాదని వదిలేస్తారు. అదే బాధ కలిగిస్తుంది.

చల్లేముందు పైమట్టిని పైపైన గీరాలి. గడ్డిగింజ సన్నం, లోతుకు పోతే మొలవదు. కొన్ని రకాల గడ్డిగింజలు రాలగానే మొలకెత్తవు, కొన్ని నెలలు నిల్వ ఉండాలి. నూగున్న గడ్డిగింజను తడిమట్టి, పేడతో కలిపి ఉండలు చేస్తే గాలికి ఎగరదు. సొంత బీడులో అంజన్ గడ్డి వేసుకోవచ్చు. స్టైలో పప్పుజాతి కాబట్టి నేలకు నత్రజనినీ ఇస్తుంది. దాని గింజ తోలు గట్టిది, 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి చల్లాలి. కానీ స్టైలో దక్షిణ అమెరికా మొక్క, అభయారణ్యంలోకి దాన్ని తీసుకెళ్లకూడదు. అక్కడ అటవీశాఖ అనుమతితో, ఆ చుట్టుపక్కల ఏరిన గడ్డిగింజే చల్లాలి.

అసలు కష్టం మనుషుల దగ్గరుంది. ఒక జాగా మూస్తే ఆ మంద ఎటు పోవాలి? మేత బయలును నాలుగు భాగాలు చేసి, ఏడాదికి ఒకటి చొప్పున వంతులవారీగా మూయడం నాకు ఆచరణలో సాధ్యమనిపిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మేతను సామూహిక హక్కుగా గుర్తించింది. ఉమ్మడి అటవీ వనరుల వాడకాన్ని క్రమబద్ధం చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఏ భాగం మూయాలి, ఎవరు కాపలా ఉండాలన్నది అడవి అంచునున్న కోయగూడేల్లో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. మూసిన చోట కోసిన గడ్డిలో భూమి లేని ఇంటికి ఎంత వాటా అన్నదీ ఆ రోజే, మంద తోలకముందే రాసుకోవాలి.