హెచ్చరిక చేరవలసిన చోటు

2023 జూలై మాసమున హైదరాబాదు నగరమున ఎడతెగని వానలు కురియుచుండగా, సైబరాబాదు ట్రాఫిక్ పోలీసువారు హైటెక్ సిటీ, రాయదుర్గము, గచ్చిబౌలి ప్రాంతములలోని ఐ.టి. సంస్థలకు ఒక సూచన చేసిరి. కార్యాలయములన్నియు ఒక్కమారుగా విడిచిన యెడల రోడ్లు నిండిపోవును గనుక, ఒక ప్రాంతమువారు మూడు గంటలకు, వేరొక ప్రాంతమువారు నాలుగున్నరకు, ఈ విధముగా దశలవారిగా బయలుదేరవలెనని దాని సారాంశము. ఎవరు, ఎప్పుడు, ఏమి చేయవలెనో అందులో స్పష్టముగా నున్నది. అది సంస్థల యాజమాన్యములకును, వారి ద్వారా ఉద్యోగుల ఫోనులకును చేరుటకు తగిన మార్గము ముందే కలదు. మంచి హెచ్చరిక ఎట్లుండవలెనో తెలిసికొనగోరువారికి ఇది చక్కని ఉదాహరణము.

అయితే ఆ అద్దాల మేడల నీడలోనే మరియొక జనసమూహము నివసించుచున్నది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, బీహారు, బెంగాలు రాష్ట్రములనుండియు, మన పాలమూరునుండియు వచ్చి ఆ మేడలను కట్టుచున్నవారు వారు. పని జరుగు స్థలము ప్రక్కనే రేకుల షెడ్లలో భార్యాబిడ్డలతో కాపురముందురు. నాలాల ఒడ్డున బస్తీలలో నుండి ఇండ్లలో వంటపనికి, పాచిపనికి వచ్చు స్త్రీలు కలరు. అపార్టుమెంటుల సెల్లారులో ఒక్క గదిలో సంసారము చేయు వాచ్‌మన్‌లు కలరు. నాలుగున్నరకు ఇంటికి పొమ్మను సూచన వీరికి వర్తించునది కాదు. ప్రమాదము వచ్చిన యెడల ముందుగా వచ్చునది వారి ఇంటికే.

2024 మే 7వ తేదీ సాయంకాలము నగరమున గాలివాన వచ్చినది. హైటెక్ సిటీకి ఉత్తరముగానున్న బాచుపల్లిలో, నిర్మాణములోనున్న ఒక భవన సముదాయపు గోడ కూలి ప్రక్కనున్న కూలీల షెడ్లపై పడినది. ఏడుగురు మరణించిరి. వారు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములవారు. అందులో నాలుగేండ్ల బిడ్డ ఒకడు. ఉరుములతో వాన పడునను మాట ఆ సాయంకాలము వారి చెవిని పడియున్నను, దానివలన వారికి తెలియునదేమి? వాన యనిన వారికి రేకుక్రింద చేరవలసిన వేళ. ఆ రేకులను ఆనుకొనియే ప్రమాదము నిలిచియున్నదని చెప్పువారు కావలెను. షెడ్డు విడిచి ఎచటికి పోవలెనో చూపువారు కావలెను. అసలు అట్టి గోడప్రక్క షెడ్లు వేయనే కూడదనుట నిజమే. ఆ బాధ్యత కట్టించువారిది, తనిఖీ చేయువారిది. హెచ్చరిక అన్నిటికి మందు కాదు.

ఇట్టి పాఠమును మన తీరప్రాంతము ఇంతకంటె ఎంతయో ఎక్కువ మూల్యమిచ్చి నేర్చుకొన్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు పదివేలమంది మరణించిరి. తుపాను వచ్చుచున్నదను వార్త రేడియోలో వెలువడకపోలేదు. గాలివాన యనిన తీరవాసులకు క్రొత్తయును కాదు. తలుపులు బిగించుకొని కూర్చుండిన పోవుననుకొన్నవారే హెచ్చు. సముద్రము అయిదు మీటర్ల ఎత్తున ఊరిపై పడునను సంగతి ‘తుపాను’ అను మాటలో వారికి వినబడలేదు. 1990 మే 9వ తేదీన మరల కృష్ణాముఖద్వారమువద్ద అంతటి భయంకరమైన తుపానే తీరము దాటినది. ఈమారు మృతుల సంఖ్య వేయికి లోపల నిలిచినది. ఆరు లక్షలకు పైగా జనమును ముందుగనే తరలించుటయే ఇందుకు ముఖ్యకారణము. నడుమ పదుమూడేండ్లలో తుపాను ఆశ్రయములు కట్టిరి; అధికారులు గ్రామములకు స్వయముగా పోయి చెప్పిరి; వాహనములు పంపిరి. రేడియో మాట, ఊరిలో టముకు, గుమ్మములో నిలిచిన మనిషి, ఎక్కుటకు లారీ, దిగినచోట అన్నము, ఈ అయిదును ఒకదానివెంట ఒకటి వచ్చినపుడు జనము కదలినది. బంగ్లాదేశములో 1970 నాటి మహావిపత్తు తరువాత ఏర్పడిన తుపాను స్వచ్ఛంద దళమువారును ఈ మార్గమునే పట్టిరి. జెండాలు, మెగాఫోనులు వారి పనిముట్లు. వాటిని పట్టుకొనువారు ఆ ఊరి మనుష్యులే.

హైదరాబాదున అట్టి గొలుసు ఎంతవరకు కలదో చూతము. వాతావరణశాఖవారు ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటిన వానను ‘భారీ’ యనియు, 115.6 దాటిన ‘అతిభారీ’ యనియు, 204.5 దాటిన ‘అత్యంత భారీ’ యనియు వ్యవహరింతురు. 2020 అక్టోబరు 13వ తేదీన నగరపు తూర్పున ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసినదనిన, అది ఎంతటిదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. పసుపురంగు ప్రకటించిన గమనించుచుండవలెను, నారింజరంగునకు సిద్ధపడవలెను, ఎరుపునకు వెంటనే చర్య తీసికొనవలెను. ఈ లెక్కలు అధికారులకు మిక్కిలి ఉపయోగకరములు. ఇటుకలు మోయు మనిషికి ‘ఆరెంజ్ అలర్ట్’ అనిన అర్థమేమి? దానినే ఎవరైన, “ఈ రాత్రి నాలాలో నీళ్లు మోకాలు దాటుతాయి, పిల్లల్ని తీసుకుని స్కూల్లోకి రండి” అని చెప్పిననే అది హెచ్చరిక యగును. పుస్తకభాష మీద నాకు గౌరవమున్నను, ఇచట వాడుకమాటకే పెద్దపీట వేయవలెను.

ఫోనుల సంగతి. ఒక టవరు పరిధిలోనున్న ఫోనులన్నింటికి ఒకేమారు, పెద్దమ్రోతతో సందేశము పంపు పద్ధతి ఇపుడు వచ్చినది. 2023లో దేశమంతట దీనిని పరీక్షించునపుడు మనలో పలువురు ఆ మ్రోతకు ఉలికిపడియుందురు. ఇందు ఎవరి నంబరును తెలిసియుండవలసిన పని లేదు గనుక, నిన్ననే రైలు దిగిన కూలీకి కూడ అది చేరగలదు. ఇది గొప్ప సౌకర్యము. కాని పాత మీటల ఫోనులన్నిటిలో అది పలుకకపోవచ్చును. ఇంటికొక్క ఫోనున్నచోట అది భర్తతో పనికి పోవును, షెడ్డులో భార్యాబిడ్డలే యుందురు. తెలుగులో వచ్చిన వాక్యమును ఒడియా మాత్రమే చదువ నేర్చినవాడు చదువలేడు. ఆ చివరి నాలుగడుగులు మనిషే నడువవలెను. ఆ మనిషి ఎవరు? కూలీలను వెంటబెట్టుకొని వచ్చిన మేస్త్రీ వారి భాష నెరుగును, వారును అతని మాట విందురు. అయితే పని ఆపుమని చెప్పుటకు అతనికి అధికారముండవలెను. ఆ పూట కూలి పోదను భరోసాయు ఉండవలెను. లేనిచో ఎంత మంచి మాటయైనను నోటిలోనే ఆగిపోవును. షెడ్ల యెదుట కిరాణాకొట్టు నడుపువాడు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, వీరు తరువాత.

వానకు మ్రోత యున్నది, ఎండకు లేదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి రెండువేలకు పైగా జనము వడదెబ్బకు బలియైరి. ఎక్కువమంది ఆరుబయట పనిచేయువారు, వృద్ధులు. ‘నీరు విరివిగా త్రాగుడు’ అని ఏటేట ప్రకటింతుము. పనిస్థలమున మరుగుదొడ్డి లేని స్త్రీ నీరు త్రాగుటకే వెనుదీయునను సంగతి ఆ ప్రకటన వ్రాయువారికి తట్టదు. ఆమెకు చేరవలసిన హెచ్చరికలో సగము మరుగుదొడ్డి రూపమున చేరవలెను.

రేడియో వినువారి యిండ్లలో వాతావరణ విశేషములు ప్రతిదినమును వినబడుచునే యున్నవి. వినినవారు తమ సెల్లారు గదిలోనున్న వాచ్‌మన్ కుటుంబమునకు ఆ మాట చేరవేయుటకు రెండు నిమిషములు చాలును. చెప్పునపుడు వానపడునని మాత్రమే చెప్పరాదు. సెల్లారులోనికి నీరు ఏవైపునుండి వచ్చును, కరెంటు మెయిను ఎచట కట్టవలెను, అర్ధరాత్రి యైనను పిల్లలతో ఏ అంతస్తునకు ఎక్కవచ్చును, ఎవరి తలుపు తట్టవచ్చును, 112 నంబరునకు ఎట్లు ఫోను చేయవలెను, ఇవి చెప్పవలెను. తట్టవలసిన తలుపు మనదే యైనచో, ఆ సంగతి వాన రాకముందే, పగటిపూట, అతని భార్యకు కూడ వినబడునట్లు చెప్పియుంచుట మేలు.