నెట్‌లో మీ ఇంటి నంబరు

ఐపీ అడ్రసును దాచే ఉచిత సాఫ్ట్‌వేర్లు బోలెడు. వాడటమూ తేలికే. కానీ ఎవరి నుంచి దాస్తున్నాం, ఎవరి చేతికి ఇస్తున్నాం... అది తెలుసుకున్నాకే బటన్ నొక్కడం మంచిది.

పలమనేరు నుంచి ఎవరికైనా ఉత్తరం రాశారనుకోండి. జవాబు రావాలంటే కవరు మీద మన అడ్రసు ఉండాలి కదా. ఇంటర్నెట్‌దీ అదే పద్ధతి. పదో తరగతి ఫలితాలు చూడాలన్నా, పాత సినిమా పాట వినాలన్నా, మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఎంతో తెలుసుకోవాలన్నా మన ఫోను అవతలి కంప్యూటరుకు ఓ చిన్న ఉత్తరం పంపుతుంది. దాని మీద మన అడ్రసు అంకెల్లో ఉంటుంది. అదే ఐపీ అడ్రసు. అది లేకపోతే పాట ఎక్కడికి పంపాలో అవతలి కంప్యూటరుకు తెలియదు. అందుకే చూసిన ప్రతి వెబ్‌సైటుకూ, తెరిచిన ప్రతి యాప్‌కూ ఆ అడ్రసు ఇచ్చుకుంటూ పోతాం... మనకు తెలియకుండానే!

'నా అడ్రసు వాళ్లందరికీ ఎందుకు?' అనిపించడం సహజం. అలాంటివాళ్ల కోసమే బోలెడన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఒక్క బటన్ నొక్కితే చాలు, పలమనేరులో మంచం మీద కూర్చున్న మనిషి ఏ నెదర్లాండ్స్‌లోనో ఉన్నట్టు కనిపిస్తాడు. కంప్యూటరు గురించి పెద్దగా తెలియనివాళ్లూ వాడేయొచ్చు. మరి నిజంగా దాక్కున్నట్టేనా? అది తెలియాలంటే ముందు ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూడాలి.

ఒక నంబరు... ఎందరో మనుషులు

పాత పద్ధతి ఐపీ అడ్రసులో మధ్యలో చుక్కలతో నాలుగు అంకెలుంటాయి. ఒక్కోటీ 0 నుంచి 255 వరకూ ఉండొచ్చు. అలా లెక్కేస్తే మొత్తం అడ్రసులు సుమారు 430 కోట్లు. ప్రపంచ జనాభాయేమో 800 కోట్లు దాటింది. మనిషికి ఒకటి కూడా రాదు. అందుకే ఒక్కో నంబరును ఎందరో పంచుకుంటున్నారు. ఈ కొరత తీర్చడానికే ఇంకా పొడవైన కొత్త తరహా అడ్రసులు వచ్చాయి. కానీ పాతవీ పక్కనే నడుస్తున్నాయి.

ఈ పంచుకోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 'ఐ-కమ్యూనిటీ' అనే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. సమాచార కేంద్రాలు పెట్టి పల్లెవాళ్లకు కంప్యూటరునూ నెట్‌నూ దగ్గర చేయాలన్నది ఆలోచన. ఆ రోజుల్లో ఏ చిన్న పట్నంలోనైనా నెట్ అంటే నెట్ సెంటరే. లోపల పది సిస్టములు, బయటికి వెళ్లే దారి మాత్రం ఒకటే. ఎవరు ఏ మెయిల్ పంపినా బయట కనిపించేది సెంటరు నంబరే. మరి ఎవరో కుర్రాడు బెదిరింపు మెయిల్ పంపితే? పోలీసులు వచ్చేది సెంటరు యజమాని దగ్గరికే! 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కేఫ్ నిబంధనల్లో గుర్తింపు కార్డు చూడాలనీ, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రాసి ఏడాదిపాటు ఉంచాలనీ చెప్పింది అందుకే.

ఇప్పుడు మొబైల్ కంపెనీలు చేస్తున్నదీ ఇంచుమించు అదే. ఒకే పాత తరహా నంబరు వెనక ఒకే సమయంలో ఎందరో వినియోగదారులుంటారు. వారిలో ఫలానావారెవరో తేల్చాలంటే నంబరు ఒక్కటే సరిపోదు. కచ్చితమైన సమయం కావాలి, దాంతోపాటు 'పోర్టు' అనే మరో అంకే కావాలి. ఇక వెబ్‌సైటుకు ఆ నంబరును బట్టి తెలిసేది మనం ఏ కంపెనీ కనెక్షన్ వాడుతున్నాం, దాదాపు ఏ ప్రాంతంలో ఉన్నాం అన్నదే. అదీ అన్నిసార్లూ సరిగ్గా ఉండదు. పలమనేరులో ఉన్న ఫోను హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నట్టు కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పేరూ ఇంటి నంబరూ ఉండేది కనెక్షన్ ఇచ్చిన కంపెనీ రికార్డుల్లో. చట్టప్రకారం పోలీసులు అడిగితే అవి ఇవ్వాల్సిందే.

మరి ఆ రికార్డే తప్పయితే?

యాభై రోజుల జైలు

పలమనేరు మీదుగా వెళ్లే బస్సు ఎక్కితే మూడు గంటల్లోపే బెంగళూరు. ఈ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఎందరో అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తుంటారు. ఆ బెంగళూరులోనే 2007 ఆగస్టు 31న ఓ యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఇంటికి పుణె పోలీసులు వచ్చారు. ఛత్రపతి శివాజీని అవమానించే బొమ్మలు ఆర్కుట్‌లో పెట్టాడన్నది ఆరోపణ. ఆ బొమ్మలు ఏ ఐపీ అడ్రసు నుంచి వచ్చాయో ముందు తెలుసుకున్నారు. ఆ అడ్రసు ఎవరిదని అడిగితే ఇంటర్నెట్ కంపెనీ ఈయన వివరాలు ఇచ్చింది. తనకేమీ తెలియదని మొత్తుకున్నా ఫలితం లేకపోయింది. యాభై రోజులు జైల్లో గడిపాడు. చివరికి తేలిందేమిటంటే... ఆ అడ్రసు అసలు ఆయనది కాదు! కంపెనీ ఇచ్చిన వివరాలే తప్పు.

ఐపీ అడ్రసు ఒక కనెక్షన్‌కు గుర్తు. మనిషికి గుర్తు కాదు. ఇంట్లో ఒక వైఫై ఉంటే నాన్న ఫోనూ, అమ్మ ఫోనూ, పిల్లల ట్యాబూ, పాస్‌వర్డ్ అడిగి తీసుకున్న పక్కింటి అబ్బాయీ... అందరూ ఒకే నంబరుతో బయటికి వెళతారు. అందుకే అడ్రసు దాచుకోవడం గురించి ఆలోచించేముందు ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుందో ఓసారి చూసుకోవాలి. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

దాచుకోవడం తప్పా?

కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఎవరికీ చెప్పుకోలేని జబ్బు గురించి చదివేవాళ్లుంటారు. వేధించే భర్త నుంచి బయటపడే దారి వెతికే ఇల్లాళ్లుంటారు. పై అధికారుల అవినీతిని బయటపెట్టాలనుకునే ఉద్యోగులుంటారు. వాళ్లకు ఆ తెర అవసరం. తెర వెనక నుంచి మోసం చేసినా, బెదిరించినా మాత్రం నేరం నేరమే. తెర ఉన్నంత మాత్రాన శిక్ష తగ్గదు.

చాలామంది అనుకునేది ఇంకోటుంది. బ్రౌజరులో 'ఇన్‌కాగ్నిటో' కిటికీ తెరిస్తే ఎవరికీ కనిపించమని! అది చేసేది ఒక్కటే... చూసిన పేజీల చరిత్రను మన ఫోనులో మిగల్చదు. ఐపీ అడ్రసు ఎప్పటిలాగే అవతలికి వెళ్లిపోతుంది.

ఉల్లిపొరల ఉత్తరం

అడ్రసు దాచే ఉచిత సాఫ్ట్‌వేర్లలో పేరున్నది 'టార్ బ్రౌజర్'. దీని మూలం అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990ల్లో పుట్టింది. ఉల్లిపాయలా పొర మీద పొర ఉంటుంది కాబట్టి 'ఆనియన్ రూటింగ్' అన్నారు. ఇప్పుడు దీన్ని నడిపేది 2006లో ఏర్పడిన టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ.

ఇదెలా పనిచేస్తుందో మన ఊళ్లతోనే చెప్పుకోవచ్చు. పలమనేరు నుంచి ఢిల్లీకి ఉత్తరం వెళ్లాలి. పంపిందెవరో ఢిల్లీకి తెలియకూడదు. ఉత్తరాన్ని ఒక కవర్లో, దాన్ని ఇంకో కవర్లో, దాన్ని మరో కవర్లో పెట్టి అంటించారు. పై కవరు మీద పుంగనూరు అని ఉంది. పుంగనూరులో మనిషి దాన్ని చింపితే లోపలి కవరు మీద మదనపల్లె అని ఉంటుంది. మదనపల్లెలో చింపితే కుప్పం. కుప్పంలో చింపితే ఢిల్లీ. ఉత్తరం పలమనేరు నుంచి వచ్చిందని పుంగనూరుకు తెలుసు, కానీ చివరికి ఎక్కడికి పోతుందో తెలియదు. ఢిల్లీకి పోతుందని కుప్పానికి తెలుసు, కానీ ఎక్కడ బయల్దేరిందో తెలియదు. మదనపల్లెకు రెండూ తెలియవు. ఢిల్లీవాళ్లు చూస్తే కుప్పం ముద్రే కనిపిస్తుంది.

టార్‌లో ఈ మూడు మజిలీలూ ప్రపంచంలో ఎక్కడెక్కడో స్వచ్ఛందంగా నడిపే కంప్యూటర్లు. ఏ ఒక్కరికీ మొత్తం దారి తెలియకపోవడమే దీని బలం. మరి బలహీనత? ఇన్ని ఊళ్లు తిరగాలి కాబట్టి నెమ్మది. వీడియోలకు పనికిరాదు. పైగా వెబ్‌సైటు అడ్రసు పక్కన తాళం గుర్తు లేకపోతే చివరి మజిలీలో ఉన్నవాళ్లు ఉత్తరం చదివేయగలరు.

ఉచితమా... ఎవరి ఖర్చుతో?

రెండో రకం వీపీఎన్ యాప్‌లు. ఇక్కడ మూడు ఊళ్లుండవు, ఒక్కటే. ఉత్తరాలన్నీ ఒకే మనిషికి ఇస్తాం. ఆయన తన పేరుతో పంపుతాడు. వేగం ఎక్కువ. కానీ ఎవరు ఎక్కడికి రాస్తున్నారో ఆయనకు మొత్తం తెలుస్తుంది. అంటే ఇంటర్నెట్ కంపెనీ మీద ఉన్న నమ్మకాన్ని తీసి వీపీఎన్ కంపెనీ మీద పెట్టామన్నమాట. ఆ కంపెనీ ఎలాంటిదన్నదే అసలు ప్రశ్న.

సర్వర్లకు అద్దె కట్టాలి. కరెంటు బిల్లు కట్టాలి. మన దగ్గర పైసా తీసుకోకుండా ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నారు? కొన్ని అనుభవాలు చూడండి. 'హోలా' అనే ఉచిత వీపీఎన్ తన వినియోగదారుల కనెక్షన్లనే ఇతరులకు అద్దెకిస్తోందని 2015లో బయటపడింది. అంటే ఎక్కడో ఎవరో చేసిన పనికి మన ఐపీ అడ్రసు కనిపిస్తుంది! ఫేస్‌బుక్ 2013లో కొన్న 'ఒనావో' యాప్ రక్షణ ఇస్తానంటూనే వినియోగదారులు ఏయే యాప్‌లు వాడుతున్నారో ఆ కంపెనీకి చేరవేసింది. విమర్శలు వచ్చాక 2019లో దాన్ని మూసేశారు. 'మీ వివరాలేవీ దాచుకోం' అని చెప్పుకొన్న 7 ఉచిత వీపీఎన్‌ల రికార్డులు 2020లో తాళం లేని సర్వరులో నెట్‌లో దొరికాయి. దాచుకోమన్నవాళ్ల దగ్గర రికార్డులెలా వచ్చాయి మరి?

అన్నీ అలాంటివే అని కాదు. 'ప్రోటాన్ వీపీఎన్' లాంటివి డబ్బు కట్టే ఖాతాదారుల ఆదాయంతో ఉచిత సేవనూ నడుపుతున్నాయి. ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో అక్కడ తెలుస్తూనే ఉంటుంది.

మనదేశంలో వీపీఎన్‌లపై అంతటా నిషేధమేమీ లేదు. అయితే ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఇచ్చిన ఐపీ అడ్రసులు అయిదేళ్లు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. అది ఇష్టంలేని పలు పెద్ద విదేశీ కంపెనీలు ఆ ఏడాదే ఇక్కడి సర్వర్లను ఎత్తేశాయి.

ముసుగే పట్టిచ్చింది!

అన్నీ సరిగ్గా వాడినా దొరకరని గ్యారంటీ లేదు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 2013 డిసెంబరులో ఓ విద్యార్థి పరీక్ష తప్పించుకోవాలని బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. టార్ వాడాడు, తెలివైన పనే చేశాననుకున్నాడు. మెయిల్ టార్ నుంచి వచ్చిందని పోలీసులు గుర్తించారు. ఆ సమయంలో క్యాంపస్ వైఫై మీద టార్ వాడిందెవరో చూశారు. కుర్రాడు దొరికాడు. టార్ ఎక్కడికి వెళ్లాడో దాచింది కానీ, టార్ వాడుతున్నాడన్న సంగతి దాచలేదు. ఊరంతా మామూలుగా తిరుగుతుంటే ఒక్కడే ముసుగేసుకుంటే ఏమవుతుంది? అందరి కళ్లూ వాడి మీదే!

మొదటిసారి వాడేవాళ్లకు...

* ముందు సెర్చ్‌లో 'నా ఐపీ అడ్రసు ఏది' అని వెతికి వచ్చిన నంబరు రాసుకోండి. సాఫ్ట్‌వేర్ ఆన్ చేశాక మళ్లీ చూడండి. మారకపోతే అది పనిచేయనట్టే.

* టార్ బ్రౌజరును టార్ ప్రాజెక్ట్ సొంత సైటు నుంచో, ఆండ్రాయిడ్ ఫోనులో ప్లేస్టోర్ నుంచో మాత్రమే తీసుకోండి. వాట్సప్‌లో ఎవరో పంపిన ఫైలును ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించొద్దు.

* అడ్రసు దాచి, సొంత పేరుతో జీమెయిల్‌లోకో ఫేస్‌బుక్‌లోకో వెళితే ప్రయోజనం లేదు. ముసుగేసుకుని పేరు చెప్పుకున్నట్టే.

* టార్ దాచేది ఆ బ్రౌజరులో చూసిన వాటికే. ఫోనులోని మిగతా యాప్‌లు అసలు అడ్రసుతోనే వెళుతుంటాయి.

* బ్యాంకు పనులకు ముసుగు వద్దు. బ్యాంకుకు మీరెవరో ఎలాగూ తెలుసు. పైగా విదేశీ అడ్రసు కనిపిస్తే అనుమానించి లావాదేవీ ఆపేయొచ్చు.

* వీపీఎన్ యాప్ మీ ఫోన్‌బుక్కో, ఎస్ఎమ్మెస్‌లో చూస్తానంటే తీసేయండి. దాని పనికి అవి అక్కర్లేదు.

* ఐపీ దాచుకుంటే మోసాలు ఆగవు. ఓటీపీ అడిగేవాడికి మన నంబరుతో పనిలేదు, మన నమ్మకంతోనే పని. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంట్లో పిల్లలెవరైనా ఇలాంటి యాప్ ఎక్కించుకున్నారని తెలిస్తే వెంటనే కోప్పడాల్సిన పనిలేదు. పక్కన కూర్చోబెట్టుకుని రెండు ప్రశ్నలడగండి. ఎవరి నుంచి దాచాలనుకుంటున్నావు? దీన్ని నడిపేవాళ్లకు డబ్బెక్కడి నుంచి వస్తోంది? రెండింటికీ జవాబు చెప్పగలిగితే వాడుకోనివ్వచ్చు. చెప్పలేకపోతే... ఇద్దరూ కలిసి కనుక్కునేదాకా ఆ బటన్ నొక్కకుండా ఆగితే సరి!