మీకు తెలుసా? జేబులో చాకు

ఎన్టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్‌లో మే ఎండకు చొక్కాతోపాటు జేబులోని చాకు కూడా చెమటలో నానుతుంది. అందుకే తొలిసారి మంచి మడత చాకు కొనేవారికి స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. కార్బన్ స్టీలు ఇట్టే పదునెక్కుతుంది, నిజమే. కానీ నిమ్మకాయ కోసి తుడవకుండా మడిచారో, తెల్లారేసరికి బ్లేడుపై నల్లమచ్చలు!

ఉక్కు మనకేం కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. పేరుమోసిన డమాస్కస్ కత్తులు సాగగొట్టింది ఇలాంటి ఉక్కుతోనే.

కొనేముందు చాకు తెరిచి, బ్లేడును పక్కలకు ఊపి చూడండి. కదిలితే వద్దు. లాక్ తప్పనిసరి. ఫ్రాన్స్‌లో ఒపినెల్ చాకు 1890లో పుడితే, బ్లేడు మడతపడి వేళ్లు తెగకుండా దానికి లాక్ రింగు చేరింది 1955లో! రోజువారీ పనికి మూడంగుళాల బ్లేడు చాలు. బటన్ నొక్కితే టక్కున లేచేవి సినిమా రౌడీలకు వదిలేయండి.

2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న బ్లేడు గల కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. విమానమెక్కేటప్పుడు మాత్రం చాకును చేతిసంచిలో కాకుండా చెకిన్ లగేజీలో పెట్టండి.