ముసురు రోజుల్లో ముసలి కారు

ఆవకాయ జాడీకి వాసెన కట్టడం, ఇనప పెనానికి నూనె రాసి బోర్లించడం, పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేయడం మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. అదే వాకిట్లో ఉన్న పాత కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారం" అనుకుని పక్కకు తప్పుకుంటాం. ఆలోచిస్తే ఆ కారును కాపాడేవి కూడా ఈ పనులే. తడి చేరకుండా చూడడం, నూనె పూయడం, ఎలుకల్ని రానీయకపోవడం, అప్పుడప్పుడూ బయటికి తీసి గాలి తగిలించడం.

మా గూడూరు ఇంట్లో మామగారి హయాం నాటి అంబాసిడర్ ఉంది. ఆదివారం వచ్చిందంటే మావారికి దానితోనే లోకం. ఇలాంటి పిచ్చి ఉన్న స్నేహితులు ఆయనకు ఇంకొందరున్నారు. ఒకరిది పద్మిని, ఒకరిది పాత జీపు. వానలు మొదలయ్యే ముందు మా రేకుల షెడ్డులో చేరి, చేతులకు గ్రీజు పూసుకుని, నాలుగైదుసార్లు టీ అడిగి, చీకటి పడ్డాక లేస్తారు.

ఏటా ఈ రోజుల్లోనే మా ఇంట్లో ఒక తగవు కూడా మొదలవుతుంది. "దీనికి పెట్టే ఖర్చుతో ఒక స్కూటర్ వచ్చేది నాన్నా, పాత ఇనుముకు వేసేయండి" అంటాడు మా అబ్బాయి. "ఎట్టా అమ్ముతారబ్బయ్యా? మీ అత్తను అత్తారింటికి సాగనంపింది ఆ కార్లోనే గదా" అంటుంది మా అత్తయ్య. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఆ కారు సంగతి నేనే కాస్త పట్టించుకుని తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఇలాంటి బండి ఉన్న ఇల్లాళ్ళకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో రెండే బళ్ళు

మన చిన్నతనంలో కారు అంటే ఉంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును ఆధారం చేసుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1950ల చివర్లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆపేశారు. అంటే అర్ధ శతాబ్దం దాటి ఒకే రూపంలో నడిచింది. ఫియట్ కారును బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు చేసేవారు. 1970లలో దానికి పద్మిని అని చిత్తోడు రాణి పేరు పెట్టారు. బొంబాయి నలుపు పసుపు టాక్సీలుగా పేరు పడ్డవి ఇవే. చివరి పద్మిని టాక్సీ 2003లో రిజిస్టరై, అక్కడి నిబంధన ప్రకారం ఇరవై ఏళ్ళు నిండి 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటిది. దానికి ప్యాలెస్ ఉంది, చూసుకోవడానికి మనుషులున్నారు. మన అంబాసిడర్లకు ఉన్నది రేకుల షెడ్డు, ఇంటాయన ఆదివారాలు, ఇంట్లో ఆడవాళ్ళ ఓపిక!

వాళ్ళకు మంచు, మనకు ముసురు

చలిదేశాల్లో పాత కార్ల సరదా ఉన్నవాళ్ళు చాలామంది చలికాలం రాగానే బండిని షెడ్డులో పెట్టేస్తారట. రేడియేటర్లో నీళ్ళు గడ్డకడితే ఇంజను పగులుతుంది. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది. అందుకని బయటికి తీయకుండా ఆ నాలుగు నెలలూ విప్పి బాగు చేసుకుంటారు. చలిలోనూ బయటికి తీసేవాళ్ళు లేకపోలేదు. 1896 నాటి ప్రయాణానికి గుర్తుగా ఏటా నవంబరు మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్ దాకా, 1905కు ముందు తయారైన కార్లను నడుపుతారు.

మనకు మంచు లేదు. కానీ నెల్లూరు సీమలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. దానికి తోడు వాకాడు, కోట వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి. వాళ్ళు ఉప్పు రోడ్డు మీద చల్లుకుంటే, మనకు గాలే మోసుకొస్తుంది. అందుకే చలికాలం జాగ్రత్తలు మనకూ తప్పవు. నేను వాటిని మన పండుగల లెక్కన గుర్తు పెట్టుకున్నాను.

దసరాకు ముందు చేయవలసినవి

ఆయుధపూజకు ఎటూ కారు కడుగుతాం, పసుపు కుంకుమ పెడతాం, టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. నిమ్మకాయలకు మా ఊళ్ళో కొదవ లేదు! ఆ కడిగేదేదో పైపైన కాకుండా అడుగు నుంచీ కడిగించాలి.

అంబాసిడర్‌కూ పద్మినికీ జీపుకున్నట్టు వేరే ఛాసిస్ ఉండదు. బాడీ రేకే దాని వెన్నెముక. నేల రేకూ, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి అంచులూ తుప్పు పడితే ఇంటికి పునాది కదిలినట్టే. కాబట్టి కాళ్ళ దగ్గర పరిచిన మ్యాట్లు ఎత్తి చూడండి. రంగు ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మెత్తగా పలుకుతుంది. చిన్న మచ్చయితే ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, పైన రంగు వేస్తే సరిపోతుంది. తుప్పు మీదే పట్టీ మెత్తి రంగు కొట్టించడం మాత్రం బూజు పట్టిన గోడకు సున్నం కొట్టడమే. లోపల అది పెరుగుతూనే ఉంటుంది. చిల్లు పడితే రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాల్సిందే.

తలుపుల అడుగున నీళ్ళు కారిపోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. వేపాకులూ దుమ్మూ చేరి అవి పూడుకుపోతాయి. సన్నని చీపురుపుల్లతో వాటిని పొడిచి శుభ్రం చేయవచ్చు. ఇది మా ఇంట్లో నా పనే. ఐదు నిమిషాలు పట్టదు, తలుపులు నాలుగూ దక్కుతాయి.

రేడియేటర్లో వట్టి కుళాయి నీళ్ళు పోయకండి. ఆ ఇంజను పోత ఇనుముతో చేసింది, నీళ్ళకు లోపల తుప్పు పడుతుంది. కూలెంట్ అనేది చలిదేశాలకే కాదు, తుప్పు పట్టకుండా మనకూ కావాలి. బ్రేక్ ఆయిల్ కూడా డబ్బాలోని ఉప్పు లాగా గాలిలో తేమను లాక్కుంటుంది. రెండేళ్ళకోసారి మార్పించాలి. ముందు చక్రాల దగ్గరుండే గ్రీజు నిపిళ్ళకు గ్రీజు గన్నుతో గ్రీజు పట్టించమనండి. ఈ కాలపు కార్లకు లేని పని కాబట్టి కుర్ర మెకానిక్కులు మరచిపోతుంటారు.

కార్తీకంలో, ముసురు పట్టినప్పుడు

"అమ్మా, ఈ బండ్లు తిరిగి తిరిగి చెడవు, నిలబడి నిలబడి చెడతాయి" అంటాడు మా మెకానిక్ భాయ్. ఈ వ్యాసం మొత్తంలో గుర్తుంచుకోవలసిన మాట ఇదొక్కటే అన్నా తప్పు లేదు. వాన తెరిపి ఇచ్చినప్పుడు వారానికోసారి కారును అరగంట సేపు రోడ్డు మీద తిప్పాలి. షెడ్డులోనే ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. పాత బళ్ళలో ఉండే డైనమో, ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే బ్యాటరీని చార్జి చేయదు. సైలెన్సరులో చేరిన తేమ ఆరిపోయేంత వేడి కూడా పుట్టదు. తిప్పడం కుదరకపోతే బ్యాటరీ తీగ ఊడదీసి పెట్టండి.

పెట్రోలు సంగతి కూడా చెప్పాలి. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉండిపోతే నీరు అడుగుకు దిగి ట్యాంకును తుప్పు పట్టిస్తుంది. అంతకన్నా ముఖ్యం, పాత కార్ల రబ్బరు గొట్టాలూ, పెట్రోలు పంపులోని పొరలూ దీన్ని తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడి చిట్లుతాయి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గొట్టాలన్నీ ఇథనాల్‌కు ఆగే రకంతో మార్పించడం పెద్ద ఖర్చు కాదు. బండి దగ్గర పెట్రోలు వాసన వస్తే ఊరుకోకండి.

కారు మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పకండి. లోపల చెమ్మ పట్టి, వేడి అన్నం మీద మూత పెట్టినట్టు అవుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు వేయాలి. షెడ్డు మట్టి నేలయితే చెమ్మ పైకి ఊరుతుంది కాబట్టి గచ్చు చేయించుకోవడం మేలు. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే లోపల అంటుకుపోతుంది. బదులుగా చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి బానెట్ కింద, డిక్కీలో పెడితే ఎలుకల బెడద కొంత తగ్గుతుంది. స్టార్టు చేసే ముందు తీసేయడం మరచిపోకూడదు.

ఇక వరద. 2015, 2021 నవంబరు నెలల్లో మన జిల్లా పడ్డ పాట్లు అందరికీ గుర్తే. 2021లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగింది. కారు నీళ్ళలో మునిగితే నీళ్ళు తీశాక ఆత్రంగా తాళం తిప్పకండి. ఇంజను సిలిండర్లలోకి నీళ్ళు పోయి ఉంటే, గాలి అణిగినట్టు నీళ్ళు అణగవు కాబట్టి లోపలి రాడ్లు వంగిపోతాయి. ముందు బ్యాటరీ తీగ తీసేసి, ఆయిల్ పుల్ల బయటికి లాగి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే. మెకానిక్ వచ్చేదాకా ముట్టుకోవద్దు. సీట్లూ మ్యాట్లూ మాత్రం వెంటనే తీసి ఎండలో వేయండి.

సంక్రాంతికి

వానలు వెనకబట్టాక బండిని ఎండలో నిలిపి తలుపులు, డిక్కీ, బానెట్ అన్నీ తెరిచి ఒక పూట వదిలేయాలి. తడికి పాడైన డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు శుభ్రం చేయించి ఎడం సరిచేయించాలి. టైర్ల వయసు కూడా అప్పుడే చూడండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 1219 అంటే 2019లో పన్నెండో వారంలో తయారైంది అని అర్థం. మందు సీసా మీద తేదీ చూసే మనకు ఇదెంత పని! పైన గాట్లు ఎంత బాగున్నా పదేళ్ళు దాటిన రబ్బరును నమ్మకూడదు. పాత టైర్లను భోగిమంటలో మాత్రం వేయనీయకండి. ఆ పొగ విషం.

సామాన్లకు మా వాళ్ళు రైలెక్కి మద్రాసు పుదుపేటకు వెళ్ళి వెతుక్కుని వస్తారు. బెజవాడ వైపు వాళ్ళకు ఆటోనగర్ ఉంది.

పిల్లలున్న ఇంట్లో

ఈ నాలుగూ కచ్చితంగా పాటించండి.

1. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

2. ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాకే.

3. పాత బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో ఊదడం, గాలితో కొట్టడం చేయకూడదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మూటకట్టి పారేయాలి.

4. సామాన్లు పెట్రోలుతో కడగనీయకండి. పొయ్యి ఉన్న ఇంటి దరిదాపుల్లో అసలే వద్దు.

కాగితాలు సరిగా ఉన్నాయా?

15 ఏళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. 50 ఏళ్ళు నిండి, అసలు రూపం మారకుండా ఉన్న బళ్ళను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే పద్ధతి 2021 జూలైలో వచ్చింది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. కానీ అలా నమోదైన బండిని రోజూ వాడుకోవడానికి లేదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, రిపేరుకూ, పెట్రోలుకూ మాత్రమే తీయాలి. శుభకార్యాలకు బండి కావాలనుకునేవాళ్ళు ఈ తేడా తెలుసుకుని మరీ దరఖాస్తు చేయాలి.

ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

మా ఇంటి తగవుకు నేను చెప్పిన తీర్పు ఇది. మూడు ప్రశ్నలు వేసుకోండి. అడుగు రేకు గట్టిగా ఉందా? కాగితాలు ఉన్నాయా? వారానికి ఒక అరగంట దానికి ఇచ్చే మనిషి ఇంట్లో ఉన్నాడా? మూడింటికీ అవునంటే నిక్షేపంగా ఉంచుకోండి. మా అంబాసిడర్ మూడింటిలోనూ గట్టెక్కింది. మూడో ప్రశ్నకు మాత్రం మా అబ్బాయి చేత కూడా మాట తీసుకున్నాను. ఆయన తర్వాత చూసేవాడు ఉంటేనే ఆ ఖర్చుకు అర్థం.

మూడింటిలో రెండు లేవంటే మమకారంతో వానకు వదిలేసి చూస్తూ కూర్చోవడం దండగ. సరదా ఉన్న వాళ్ళెవరికైనా ఇవ్వండి. లేదా గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి. కొత్త బండి కొనేటప్పుడు రాయితీకి పనికొస్తుంది. ఆర్.టి.ఓ. ఆఫీసులో రిజిస్ట్రేషన్ రద్దయ్యిందో లేదో కూడా చూసుకోండి. ఇచ్చేసే ముందు ఇంటిల్లిపాదీ అందులో కూర్చుని ఒక ఫోటో తీయించుకోవడం మరవకండి!