'మీనా' నుండి 'అ ఆ' వరకు: స్వతంత్రురాలైన తల్లి, ఎదిగిన సంతానము

తెలుగు కుటుంబకథలలో తల్లి తరచుగా త్యాగమూర్తిగా చిత్రింపబడినది. ఆస్తియు, నిర్ణయాధికారమును గల తల్లి కథలో ప్రవేశించినపుడు, ఎదిగిన బిడ్డతో ఆమెకుగల సంబంధమెట్లు మారునను ప్రశ్న పుట్టును. యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా', దాని ఆధారముగా విజయనిర్మల దర్శకత్వమున 1973లో వచ్చిన చిత్రము, ఆ కథకు మిక్కిలి దగ్గరగానున్న త్రివిక్రమ్ చిత్రము 'అ ఆ' (2016), ఈ మూడును ఈ ప్రశ్నకు తగిన ఆధారములని మా అభిప్రాయము.

కథాసూత్రము సరళమైనది. నగరములో సంపన్నగృహము తల్లి ఆజ్ఞపై నడచును. తండ్రి మెత్తనివాడు. పల్లెలోని బంధువుల యింట కొన్నాళ్లు గడపిన కూతురు తన యిష్టానిష్టములను తాను గుర్తించును. "తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బఱ్ఱెను" అను సామెత తల్లిని కూతురికి కొలబద్దగా చేసినది. ఈ కథ ఆ కొలబద్దనే ప్రశ్నించుచున్నది. తల్లికి ప్రేమ లేక కాదు. బిడ్డ మేలు తనకే తెలియునను నమ్మకము ఆమెకు మిక్కుటము. ఇంటిలో తన మాట చెల్లించుకొనిన స్త్రీయే కూతురి మాట చెల్లనీయకపోవుట ఇందలి వైరుధ్యము.

పేర్లును గమనింపదగినవి. నవలకు కూతురి పేరొక్కటే శీర్షిక. 2016 నాటి చిత్రములో 'అ' అనగా అనసూయా రామలింగం. ఇల్లేలునది తల్లి మహాలక్ష్మియే అయినను కూతురి పేరును అంటియున్నది తండ్రి పేరు. తల్లి అధికారము గృహమున స్థిరపడినను, నామవ్యవహారమున పితృసంప్రదాయము చెక్కుచెదరలేదన్నమాట.

కథకు వెలుపల మరియొక నిదర్శనము కలదు. చిత్రపరిశ్రమ మద్రాసునుండి హైదరాబాదునకు తరలిన పిమ్మట జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములలో స్టూడియోలును, కళాకారుల గృహములును ఇరుగుపొరుగున వెలసినవి. ఇట్టిచోట తల్లి వృత్తిక్షేత్రమే బిడ్డకును వృత్తిక్షేత్రమగుట సహజము. 'పాండురంగ మహాత్మ్యం' (1957)లో బాలనటిగా కనిపించిన విజయనిర్మల నలుబదికి పైగా చిత్రములకు దర్శకత్వము వహించి, 2002లో గిన్నిస్ గ్రంథమున చోటు పొందినది. ఆమె కుమారుడు నరేష్ 1982లో తల్లి దర్శకత్వమున 'ప్రేమసంకెళ్లు'లో నాయకుడైనను, అతనికి ప్రత్యేకమైన గుర్తింపు తెచ్చినవి 'నాలుగు స్తంభాలాట' (1982), 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) వంటి జంధ్యాల చిత్రములు. తల్లి ద్వారము తెఱచినది. నడకను కుమారుడు మఱియొక గురువువద్ద నేర్చెను. 'మీనా'లో కూతురి పాత్ర ధరించినది విజయనిర్మలయే. నలుబదిమూడేండ్లకు 'అ ఆ'లో తండ్రి రామలింగం పాత్ర నరేష్‌ది. తల్లి చాటున కూతుర్ని పల్లెకు పంపునది ఆ పాత్రయే.

వారి ఆంతరంగిక జీవితము మాకు విషయము కాదు. వృత్తిచరిత్ర మాత్రము ఒక సంగతిని స్పష్టము చేయుచున్నది: తల్లి ఆర్జించిన స్వాతంత్ర్యము బిడ్డకు ఆస్తివలె సంక్రమింపదు, ఎవరికివారు ఆర్జింపవలసినదే. తాను కోరుకొనిన హక్కును బిడ్డయందును అంగీకరించినపుడే తల్లి స్వాతంత్ర్యము పరిపూర్ణమగును. తెలుగు నవలలందు ఈ అంగీకారము ఏ ఘట్టమున, ఎవరి నోట వెలువడుచున్నదో పరిశోధకవిద్యార్థులు పరిశీలింపదగును.