మంచు ఖండం అంచున బూరుగు జాతి పుప్పొడి

పువ్వు నుంచి వెలువడిన పుప్పొడిలో చాలా భాగం ఫలదీకరణకు ఉపకరించక నేల రాలిపోతుంది. అందులో కొంత గాలితో, నదులతో సముద్రాన్ని చేరి, అడుగున బురదతో పాటు పొరలు పొరలుగా పేరుకుంటుంది. రేణువు పై గోడ స్పోరోపొలెనిన్ అనే అత్యంత దృఢమైన సేంద్రియ పదార్థంతో ఏర్పడుతుంది కనుక, ప్రాణవాయువు అందని బురదలో అది కోట్ల సంవత్సరాలు నిలుస్తుంది. ప్రయోగశాలలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నపు భాగాన్ని, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇసుకను, బంకమట్టిని కరిగించినా మిగిలేది ఆ గోడే. దాని మీది రంధ్రాలు, ముళ్లు, గీతలను బట్టి అది ఏ వృక్షవర్గానిదో సూక్ష్మదర్శినిలో గుర్తిస్తారు.

2010లో జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన నౌక తూర్పు అంటార్కిటికాలోని విల్క్స్ ల్యాండ్ తీరానికి ఎదురుగా, సుమారు 4 కిలోమీటర్ల లోతు నీటి కింద, సముద్రపు అడుగును దాదాపు వెయ్యి మీటర్లు తొలిచింది. అక్కడి అట్టడుగు పొరల్లో తాటి కుటుంబపు చెట్ల పుప్పొడి, మన బూరుగు చేరిన ఉపకుటుంబపు పుప్పొడి లభించాయి. గడ్డకట్టే చలికి తాళలేని ఈ చెట్లు అక్కడ పెరిగాయి కనుక, దీర్ఘకాలం చీకటి కమ్మే ఆ ధ్రువ ప్రాంతపు తీరంలో చలికాలం సైతం 10 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వెచ్చగా ఉండేదని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఉష్ణమాపకం లేని కాలపు చలిని ఒక చెట్టు ఓర్పును బట్టి కొలవగలగడం నిజంగా అబ్బురమే.

అయితే ఆ పొరల వయస్సు తెలియనిదే ఈ నిర్ధారణకు అర్థం లేదు. రేడియోకార్బన్ పద్ధతి సుమారు 50 వేల సంవత్సరాలకు మించి పనిచేయదు. అందుచేత పుప్పొడితో పాటే లభించే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మ సముద్రజీవుల కోశాలలో ఏ జాతులు ఎప్పుడు పుట్టి ఎప్పుడు అంతరించాయో చూసి, దానిని అవక్షేపంలో నమోదైన భూ అయస్కాంత దిశల మార్పులతో సరిపోల్చగా, ఆ వెచ్చని కాలపు పొరలు సుమారు 5.3 కోట్ల సంవత్సరాల నాటివని తేలింది. పాత శిలల నుంచి కొట్టుకువచ్చిన రేణువులు కొత్త పొరలో కలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. భూగర్భపు వేడికి ముదురు రంగుకు మారిన అలాంటి రేణువులను వేరుచేసే ఓపిక లేకపోతే ఈ శాస్త్రానికి విలువ లేదు.

సుమారు 3.4 కోట్ల సంవత్సరాల క్రితం ఆ ఖండం మీద భారీ హిమఫలకాలు పేరుకున్నాయి. నేడు ఆ తీరంలో ఒక్క చెట్టయినా లేదు.