కార్నియా ముద్రణకు సిద్ధం, మరి బస్తర్?

కృత్రిమ నల్లగుడ్డు ప్రయోగశాల దాటి మనిషి కంటిని చేరింది. అడవి పల్లెను చేరడమే అసలు పరీక్ష

వరి నూర్పిళ్లలో ఎగిరిన పొట్టు, అడవిలో ముఖానికి తగిలిన ముళ్లకొమ్మ. చూపు పోవడానికి అంత చిన్న కారణం చాలు. నల్లగుడ్డుపై గీత పడుతుంది. అందులో ఫంగస్ చేరి పుండవుతుంది. పుండు మానినా తెల్లటి పువ్వు మిగులుతుంది. పొలం, అడవే ఆధారమైన బస్తర్ వంటి ప్రాంతాల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ.

పువ్వు ముదిరితే మరణించినవారు దానం చేసిన కార్నియాయే దిక్కు. దాన్ని సేకరించిన రెండు వారాల్లోపే అమర్చాలి. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ దాదాపు 300 కి.మీ. లోపలి పల్లెలవారికి జగదల్‌పూర్ చేరడమే ఒక ప్రయాణం.

ఈ కొరతకు విరుగుడు హైదరాబాద్‌లో రూపుదిద్దుకుంటోంది. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ కలిసి 2022లో త్రీడీ ప్రింటర్‌తో కార్నియాను తయారుచేసి కుందేలు కంటికి అమర్చాయి. మార్పిడికి పనికిరాని దాతల కార్నియాల నుంచి కణాలను తొలగించి, మిగిలిన పదార్థానికి మూలకణాలు జోడించడమే ఇందులోని కిటుకు. 2025లో ఇజ్రాయెల్‌లోని హైఫాలో ముద్రిత కార్నియా తొలిసారి మనిషి కంటిని చేరింది.

బస్తర్‌కు మరింత ఆశ కల్పించేది స్వీడన్ పరిశోధకుల ప్రయోగం. పంది చర్మంలోని కొల్లాజెన్‌తో చేసిన ఇంప్లాంట్‌ను వారు ఇరాన్, భారత్‌లలో 20 మందికి అమర్చారు. వారిలో అంధులైన 14 మందికీ చూపు వచ్చిందని 2022లో వెల్లడించారు. ఇది రెండేళ్లు నిల్వ ఉంటుంది. అయితే వారంతా కార్నియా పలచబడే కెరటోకోనస్ రోగులు. పుండు మిగిల్చిన పువ్వుకు అదే ఫలితం వస్తుందన్న భరోసా లేదు.

పైగా కార్నియా దొరికితే సరిపోదు. శుభ్రమైన థియేటర్, నిపుణుడు, నెలల తరబడి పరీక్షలు కావాలి. 2024 అక్టోబర్‌లో దంతెవాడ జిల్లా ఆసుపత్రిలో మామూలు శుక్లాల ఆపరేషన్ల తర్వాతే పలువురికి ఇన్‌ఫెక్షన్ సోకింది. వారిని రాయ్‌పూర్ తరలించాల్సి వచ్చింది.

నేపాల్‌లోని భక్తపూర్ మరో దారి చూపింది. కంటికి గీత పడ్డ వెంటనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాస్తే పుండు పడకుండా ఆపవచ్చని అక్కడ గ్రామ కార్యకర్తల సాయంతో జరిపిన, 2001లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో 'మితానిన్' ఆరోగ్య కార్యకర్తలు ఉండనే ఉన్నారు. ముద్రిత కార్నియా వచ్చేలోగా వారి సంచిలో ఒక ట్యూబు చేరినా, కొన్ని కళ్లకు దాని అవసరమే రాదు.